గోస్తనీ మొగలో సిలికా లెక్క: ఏడాది పొడవునా ఎలా చూడాలి

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి, అంటే మొగ దగ్గరకు, ఆగస్టులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి వెళ్లి చూడండి. వానలు పడ్డాక ఏరు టీ నీళ్ల రంగులో ఉరకలేస్తుంది. చలికాలం చివరికి అదే నీరు తేరుకుని, ఆకుపచ్చ ఛాయతో, నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. ఈ మార్పు వెనక కంటికి ఆనని పదార్థం ఒకటి పనిచేస్తుంటుంది. అది నీటిలో కరిగిన సిలికా.

బీచ్ నిండా ఇసుకే ఉంది కదా, సిలికాకు ఏం కరువు అని మా డిగ్రీ పిల్లలు ప్రతి ఏడాదీ అడుగుతారు. ఇసుక రేణువు క్వార్ట్జ్. అది నీటిలో కరగడం మహా నెమ్మది. ఏటి నీటిలో కరిగి వచ్చే సిలికాలో ఎక్కువ భాగం తూర్పు కనుమల రాళ్లది. ఖొండలైటు, చార్నొకైటు రాళ్లలోని ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాలు వేడికీ, వానకూ, మట్టిలోని కార్బన్ డయాక్సైడుకూ చివికి, సిలికాను సిలిసిక్ ఆమ్లంగా నీటిలోకి వదులుతాయి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా దిగి, తాటిపూడి రిజర్వాయర్ దాటి వచ్చే గోస్తనీ దాన్ని భీమిలి దాకా మోసుకొస్తుంది. మొగ దగ్గర దాని కోసం కాచుకుని ఉండేవి డయాటమ్‌లు. నాచు జాతికి చెందిన ఈ సూక్ష్మ జీవులు సిలికాను పీల్చుకుని గాజులాంటి పెంకు కట్టుకుంటాయి. రొయ్యల చెరువులు చేసేవాళ్లకు వీటి గురించి చెప్పక్కర్లేదు, చెరువు నీరు గోధుమ రంగు తిరిగితే డయాటమ్ పట్టిందని సంబరపడతారు. మొగలోనూ, తీరంలోనూ చేపపిల్లల తిండి గొలుసు వీటి దగ్గరే మొదలవుతుంది.

ఈ సిలికా ఏ నెలలో ఎంత వస్తోంది, ఎవరు తింటున్నారు, మళ్లీ ఎక్కడి నుంచి పుడుతోంది అన్నది మీరే కొలిచి చూడవచ్చు. డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్, నెలకు ఒక రోజు (వానల్లో ఇంకొంచెం ఎక్కువ), ఓపిక ఉంటే చాలు.

అన్నిటికంటే ముందు ఒక మాట. సిలికా అంకె ఒక్కటే రాసుకుంటే దానితో ఏమీ చెప్పలేం. అదే సీసాలో ఉప్పు ఎంత ఉందో కూడా తెలియాలి. మొగలో నీరంటే ఏటి నీరు, సముద్రపు నీరు కలిసిన కలయిక. ఏటిలో సిలికా ఎక్కువ, సముద్రం పైపొరలో తక్కువ. సిలికా తగ్గిందంటే డయాటమ్‌లు తిన్నాయా, లేక సముద్రపు నీరు ఎక్కువగా కలిసి పలచబడిందా? ఉప్పు చూడనిదే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. కింద చెప్పే పనంతా ఈ ఒక్క ప్రశ్న కోసమే.

చోటు, రోజు, గంట

విశాఖలో మొగలు చాలానే ఉన్నాయి కానీ అన్నీ మనకు పనికిరావు. మేఘాద్రి గెడ్డ నీళ్లు చేరే ఇన్నర్ హార్బర్ శాస్త్రపరంగా ఎంతో ఆసక్తికరం. కానీ అది పోర్టు, నేవీ ప్రాంతం, రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడ సీసా ముంచడం కాదు కదా ఫొటో కూడా తీయకండి. ఊళ్లోంచి వచ్చే గెడ్డల్లో మురుగు ఎక్కువ కాబట్టి కొత్తవాళ్లకు లెక్క తికమక అవుతుంది. అందుకే గోస్తనీతో మొదలుపెట్టమంటాను. మంచినీరు ఒక చివర, సముద్రం ఒక చివర స్పష్టంగా ఉంటాయి.

ముందు రెండు చివరలూ ఖాయం చేసుకోండి. తగరపువలస వంతెన దగ్గర నీళ్లు తీసి ఉప్పు చూడండి. సున్నా ఉంటే అదే మీ ఏటి చివర. కొంచెమైనా ఉప్పు తగిలితే ఇంకా పైకి వెళ్లండి. ఎండాకాలంలో ఉప్పు ఎగువకు పాకుతుంది కాబట్టి జూన్‌లో సరిపోయిన చోటు మేలో సరిపోకపోవచ్చు. సముద్రం చివర మాత్రం మొగ నుంచి దూరంగా, ఏటి నీటి రంగు కనిపించని చోట ఉండాలి. పడవ మీద కెరటాలు విరిగే వరస దాటి వెళ్లగలిగితే ఇంకా మంచిది. అలల్లోకి దిగి నీళ్లు పట్టే సాహసం వద్దు. మన తీరంలో లాగే ప్రవాహాలు ఈత వచ్చినవాళ్లనూ వదలవు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకునే ఎక్కండి.

మధ్యలో సీసాలు చోటును బట్టి కాదు, ఉప్పును బట్టి పట్టాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. లైట్‌హౌస్ ఎదురుగా ఒకటి, వంతెన కింద ఒకటి అని చోట్లు గుర్తుపెట్టుకుంటే, ఒక్కోసారి రెండింట్లోనూ ఒకే నీరు దొరుకుతుంది. బదులుగా రిఫ్రాక్టోమీటర్ చేతిలో పట్టుకుని వెళ్తూ ఉప్పు 5 పీపీటీ (అంటే వెయ్యి భాగాల నీటిలో 5 భాగాలు) దగ్గర ఒక సీసా, 10 దగ్గర ఒకటి, 15, 20, 25 దగ్గర ఒక్కొక్కటి నింపండి. ఆక్వా రైతులు పీపీటీ చూసే పరికరమే ఇది, ఆక్వా మందుల షాపుల్లో దొరుకుతుంది. ప్రతిసారీ డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా సరిచేసుకోవడం మరవకండి.

ఇక రోజు. పోటు, పాటు రెండూ చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. అందువల్ల ఇంగ్లీషు తేదీ ప్రకారం ప్రతి నెలా 15న వెళ్తే ఒక నెల పెద్ద పోటు, ఇంకో నెల చిన్న పోటు తగులుతాయి. రెండు నెలల అంకెలను పోల్చడానికి వీలుండదు. గోడ మీది తెలుగు క్యాలెండర్ చూసి ఒక తిథి పెట్టుకోండి. మేము అష్టమి పెట్టుకున్నాం. ఆ రోజుల్లో పోటు చిన్నది, నీటి ఒరవడి తక్కువ, పడవ మీద పని సులువు. ఒకే తిథినాడు పోటు దాదాపు ఒకే గడియకు వస్తుంది కాబట్టి గంట కూడా కుదురుతుంది. కచ్చితమైన వేళల కోసం సర్వే ఆఫ్ ఇండియా వేసే పోటు పట్టికలు చూడండి. పాటు మొదలైన గంట తర్వాత మొగ నుంచి ఎగువకు వెళ్తూ నీళ్లు పట్టుకుంటే పని హడావుడి లేకుండా సాగుతుంది.

సీసాలు

గాజు సీసా ముట్టుకోకండి. గాజు అంటేనే సిలికా. నీటిలో నిలవ ఉన్నకొద్దీ గోడ నుంచి కొంత కరిగి సీసాలోకి వస్తుంది. మొదటి ఏడాది ల్యాబ్‌లో ఉన్న గాజు రీజెంట్ సీసాలే శుభ్రంగా కడిగి వాడాను. సముద్రపు సీసాల్లో అంకెలు వారం వారం పెరుగుతుంటే ఏదో కొత్త సంగతి కనిపెట్టామని సంబరపడ్డాం. చివరికి వట్టి డిస్టిల్డ్ వాటర్ పోసి పెట్టిన గాజు సీసాలోనూ అదే పెరుగుదల కనిపించింది. మూడు నెలల పని పారబోశాం. పిల్లల మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

కాబట్టి పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్ సీసాలు కొనండి, 250 మిల్లీలీటర్లవి చాలు. కొత్త సీసాలను పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఒక రాత్రి నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదుసార్లు తొలచండి. బట్టల సబ్బుపొడితో ఎట్టి పరిస్థితిలోనూ కడగవద్దు, చాలా పొడుల్లో సోడియం సిలికేట్ కలుపుతారు. కొలజాడీలు, ఫ్లాస్కులు కూడా ప్లాస్టిక్‌వే ఉండాలి. డిస్టిల్డ్ వాటర్‌ను ప్లాస్టిక్ క్యాన్‌లోనే నిలవ చేయాలి. డీఅయొనైజర్ వాడే ల్యాబ్ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. అందులోని రెజిన్ అరిగిపోయేటప్పుడు ముందుగా బయటకు జారేది సిలికాయే. మీటర్ నీరు బాగుందని చూపిస్తున్నప్పుడే సిలికా వచ్చేయవచ్చు.

వడకట్టే కాగితం విషయంలోనూ ఇదే సూత్రం. గ్లాస్ ఫైబర్ ఫిల్టర్లు వద్దు. సెల్యులోజ్ ఎసిటేట్ లేదా పాలీకార్బొనేట్ ఫిల్టర్, 0.45 మైక్రాన్ల రంధ్రాలది తీసుకోండి. పెద్ద సిరంజికి తగిలించే రకం దొరికితే పడవలోనే వడకట్టుకోవచ్చు. వడకట్టడం ఆలస్యం చేస్తే సీసాలో ఉన్న డయాటమ్‌లు సిలికాను తింటూనే ఉంటాయి, చచ్చినవి కరుగుతూ తిరిగి ఇస్తూ ఉంటాయి. మీరు ఇంటికి తెచ్చేది మొగ నీరు కాదు, వేరే నీరు.

నీళ్లు పట్టే తీరు

మొగలో నీరు ఒక్క పొర కాదు. మంచినీరు తేలిక, పైన జారుతుంది. ఉప్పునీరు బరువు, అడుగున ఎగువకు చొచ్చుకువస్తుంది. మాకు పడవ వేసే పెద్దాయన ఒకరున్నారు, ఏభై ఏళ్లుగా ఇదే ఏట్లో వల వేస్తున్నారు. మొదటిసారి మమ్మల్ని చూసి, "ఏటమ్మా, ఏటి నీల్లు సీసాల్లో పట్టుకెల్లి ఏటి సేత్తారు?" అని అడిగారు. చెప్పాను. ఆయన చెయ్యి నీళ్లలో ముంచి నాలుక మీద పెట్టుకుని, "పైన సప్పగుందమ్మా. గెడ దింపితే కింద నీరు సల్లగా తగుల్తాది, అది సంద్రం నీరు" అన్నారు. రిఫ్రాక్టోమీటర్ పెట్టి చూస్తే ఆయన మాటే నిజమైంది. "తాతా, అడుగు నీరు ఎలా పైకి తేవడం?" అంటే సీసాకు రాయి కట్టడం ఆయనే చూపించారు.

మీరూ అలాగే చేయండి. ప్లాస్టిక్ సీసా మెడకు తాడు, అడుగున బరువైన రాయి, మూతకు బదులు రబ్బరు బిరడా, బిరడాకు వేరే సన్నని తాడు. నేలకు ఒక అడుగు పైన ఆగేలా దింపి, సన్నని తాడు గుంజితే బిరడా ఊడుతుంది. బుడగలు ఆగాక పైకి లాగండి. బురద తగిలితే పారబోసి మళ్లీ దింపాలి, బురదలోని నీటిలో సిలికా చాలా ఎక్కువ.

ప్రతి సీసానూ అదే నీటితో రెండుసార్లు తొలిచి నింపండి. నింపిన వెంటనే ఉప్పు, ఉష్ణోగ్రత, టైం రాయండి. సీసా మీద పెన్సిల్‌తో రాసిన మాస్కింగ్ టేపు అంటించండి, పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది. చేపలు వేసే థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి సీసాలు సర్దండి. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. గడ్డ కట్టిస్తే సిలిసిక్ ఆమ్లం అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి, రంగు పరీక్షకు దొరకవు. సిలికా ఎక్కువ, ఉప్పు తక్కువ ఉన్న ఏటి నీటికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. తప్పక గడ్డ కట్టించాల్సి వస్తే కరిగించిన తర్వాత ఒక రోజంతా చీకట్లో ఉంచి పరీక్షించాలి. ఫ్రిజ్‌లో పెట్టినవి వారంలోపు ముగించండి.

నోటు పుస్తకంలో ఇంకో మూడు విషయాలు కూడా రాయాలి: గత మూడు రోజుల వాన, నీటి రంగు, మొగ వెడల్పు. ఇక్కడి చిన్న ఏళ్ల మొగలు ఎండాకాలంలో ఇసుక మేట వేసి సన్నబడతాయి. మొగ సన్నబడితే నీరు లోపల ఎక్కువ రోజులు నిలుస్తుంది, డయాటమ్‌లకు తినే సమయం దొరుకుతుంది. ఇది రాసుకోకపోతే మార్చి అంకెలు మీకు అర్థం కావు.

ల్యాబ్‌లో

పద్ధతి పాతదే, నమ్మకమైనది. మాలిబ్డేట్‌తో సిలికా పసుపు రంగు సమ్మేళనం అవుతుంది, దాన్ని క్షయకరణం చేస్తే నీలం వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉందో అదే సిలికా.

మాలిబ్డేట్ ద్రావణానికి 4 గ్రాముల అమోనియం మాలిబ్డేట్‌ను 300 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, 12 మిల్లీలీటర్ల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేర్చి, 500 మిల్లీలీటర్లకు పెంచండి. రెండోది మెటాల్ ద్రావణం. 6 గ్రాముల నిర్జల సోడియం సల్ఫైట్‌ను 500 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, 10 గ్రాముల మెటాల్ కలిపి వడకట్టాలి. పాత ఫొటో స్టూడియోల్లో ఫిల్మ్ కడిగే డెవలపర్‌లో వాడేది ఈ మెటాలే. మూడోది ఆక్సాలిక్ ఆమ్లం, 50 గ్రాములు 500 మిల్లీలీటర్లలో. నాలుగోది సల్ఫ్యూరిక్ ఆమ్లం, 250 మిల్లీలీటర్ల నీటిలోకి 250 మిల్లీలీటర్ల గాఢ ఆమ్లాన్ని సన్నని ధారగా, చల్లబరుస్తూ పోయాలి. నీటిలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు కాదు. చల్లారాక 500కు పెంచాలి. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా ఏ విద్యార్థినీ ఈ పనికి ముట్టనివ్వకండి.

పరీక్ష రోజున క్షయకారిని తాజాగా కలపండి: 100 మిల్లీలీటర్ల మెటాల్ ద్రావణం, 60 ఆక్సాలిక్, తర్వాత మెల్లగా 60 సల్ఫ్యూరిక్, చివరికి నీటితో 300.

ఇప్పుడు 50 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కొలజాడీలో 10 మిల్లీలీటర్ల మాలిబ్డేట్ పోసి, 25 మిల్లీలీటర్ల నమూనా చేర్చి కలపండి. గడియారం చూసుకుని సరిగ్గా 10 నిమిషాలు ఆగండి. తెల్లకాగితం పెట్టి చూస్తే ఏటి నీరు పోసిన జాడీలో నిమ్మతొక్క ఛాయ కనిపిస్తుంది. సముద్రం నీటిలో ఆ ఛాయ కూడా ఆనదు. తర్వాత క్షయకారితో 50 గీత దాకా నింపండి. అందులోని ఆక్సాలిక్ ఆమ్లం ఫాస్ఫేట్ వల్ల ఏర్పడిన రంగును విరిచేస్తుంది, లేకపోతే మురుగులోని ఫాస్ఫేట్ కూడా సిలికా లెక్కలో చేరుతుంది. నెమ్మదిగా పసుపు పోయి, ఆకుపచ్చగా తిరిగి, మూడు గంటలకు నీలం స్థిరపడుతుంది. ఏటి సీసాలు తెల్లబట్టలకు పెట్టే నీలిమందంత చిక్కగా, సముద్రం సీసాలు చలికాలపు ఆకాశమంత పలచగా వరుసలో నిలబడతాయి. ఉప్పు వరుసలో పెడితే ఆ నీలం మెట్లు మెట్లుగా దిగడం చూడాలి, మా పిల్లలు ప్రతిసారీ ఫోన్లు తీస్తారు. స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 810 నానోమీటర్ల దగ్గర కొలవండి.

స్టాండర్డ్ (సిలికా ఎంత ఉందో ముందే తెలిసిన ద్రావణం) కోసం 0.9403 గ్రాముల సోడియం ఫ్లోరోసిలికేట్‌ను ప్లాస్టిక్ బీకరులో కరిగించి, ఒక లీటరుకు పెంచండి. తొందరగా కరగదు, కొన్ని గంటలు కలుపుతూ ఉండాలి. ఇది లీటరుకు 5000 మైక్రోమోల్ ద్రావణం (మైక్రోమోల్ అంటే మోల్‌లో పది లక్షలో వంతు, ఇక్కడి నుంచి అంకెలన్నీ లీటరుకే). దీని నుంచి 1 మిల్లీలీటరు తీసి 100కు పెంచితే 50 మైక్రోమోల్, 2 తీస్తే 100. ఉప్పు నీటిలో నీలం కొద్దిగా తక్కువ వస్తుంది, అందుకని స్టాండర్డ్‌లను ఒక వరుస మామూలు నీటిలో, ఒక వరుస ఉప్పు కలిపిన నీటిలో చేయండి. దానికి ల్యాబ్ సోడియం క్లోరైడ్ వాడాలి. వంటింటి ఉప్పు గడ్డకట్టకుండా కలిపే పదార్థాల్లో సిలికా ఉండవచ్చు. వేడిని బట్టి కూడా రంగు తేలే వేగం మారుతుంది. స్టాండర్డ్‌ల సిలికా ఎంతో, నీలం ఎంతో చూపిస్తూ డిసెంబరులో గీసిన గీతను మే నెలలో వాడకండి, ప్రతి నెలా కొత్తగా గీయాలి. ఏటి సీసాలు గీత దాటి పోతే డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగింతలు పలచబరిచి మళ్లీ చేయండి.

స్పెక్ట్రోఫొటోమీటర్ లేనివాళ్లు సిలికా కొలిచే చిన్న కలరీమీటర్ కిట్‌తోనూ మొదలుపెట్టవచ్చు. అవి లీటరుకు మిల్లీగ్రాముల సిలికాగా చూపిస్తాయి. దాన్ని 16.64తో గుణిస్తే మైక్రోమోల్ వస్తుంది. కిట్ సిలికా అని రాసిందా, సిలికాన్ అని రాసిందా చూసుకోండి. సిలికాన్ అయితే గుణించాల్సింది 35.6తో.

గీత గీయడం

గ్రాఫు కాగితం తీసుకోండి. అడ్డంగా ఉప్పు, నిలువుగా సిలికా. ఏటి చివర అంకెను ఎడమ పక్క పైన, సముద్రం చివర అంకెను కుడి పక్క కింద పెట్టి, స్కేలుతో ఒక గీత గీయండి. నీళ్లు కేవలం కలిసి, మధ్యలో ఏమీ జరగకపోతే మిగతా చుక్కలన్నీ ఆ గీత మీదే పడాలి.

లెక్క చూపిస్తాను. ఏట్లో 200 మైక్రోమోల్, సముద్రంలో 5, సముద్రం ఉప్పు 33 అనుకుందాం. ఉప్పు 11 ఉన్న సీసా అంటే మూడో వంతు సముద్రం, రెండు వంతులు ఏరు. అందులో ఉండాల్సిన సిలికా 200లో రెండు వంతులు, 5లో మూడో వంతు, కలిపి 135. మీకు 135 దగ్గర్లో వస్తే కలయిక తప్ప ఇంకేమీ లేదు. 90 వచ్చిందంటే 45 మైక్రోమోల్ ఎవరో తీసుకున్నారు. 160 వచ్చిందంటే 25 ఎక్కడి నుంచో చేరింది.

చుక్క గీత కింద పడితే మొదటి అనుమానం డయాటమ్‌ల మీదే. సీసా అడుగున మిగిలిన నీటిని మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. గొలుసుల్లా అతుక్కున్న స్కెలిటోనీమా లాంటి డయాటమ్‌లు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. గీత పైన పడితే బురద, పాతాళపు ఊట, మధ్యలో కలిసే వాగు, ఈ మూడింటిలో ఒకటి. ఊట సంగతి తేల్చడానికి పాటు బాగా దిగినప్పుడు ఒడ్డున మోకాలు లోతు గొయ్యి తవ్వి, ఊరిన నీటిని పరీక్షించండి. భూగర్భ జలంలో సిలికా ఏటి నీటికంటే తరచు ఎక్కువే ఉంటుంది. ఎర్రమట్టి దిబ్బల వైపు తీరంలో ఇలాంటి ఊటలను చూడటం నాకు చాలా ఇష్టం.

ఒక హెచ్చరిక. వరద వచ్చి తగ్గుతున్న రోజుల్లో ఏటి చివర అంకె రోజురోజుకూ మారుతుంది. ఈ రోజు మొగలో ఉన్న నీరు మూడు రోజుల కిందటి ఏటి నీరు కావచ్చు. ఆ రోజుల్లో చుక్కలు గీత తప్పినా తొందరపడి డయాటమ్‌లను నిందించకండి. అందుకే వానల్లో ఏటి చివర సీసాను వారానికి రెండుసార్లు పట్టాలి.

నెలనెలా ఏం చూడాలి

మృగశిర కార్తె వానలు మొదలై సెప్టెంబరు దాకా ఏటి పనే ఎక్కువ. పెద్ద వరద రోజున సిలికా గాఢత కాస్త తగ్గవచ్చు, రాతితో, మట్టితో నానకుండా వాన నీరు పైపైన జారిపోతుంది. అయినా ఏరు మోసుకొచ్చే మొత్తం సిలికా పెరుగుతుంది. సెకనుకు 10 ఘనమీటర్ల నీరు 150 మైక్రోమోల్ సిలికాతో పారుతుంటే రోజుకు దాదాపు 7.8 టన్నుల సిలికా సముద్రంలోకి వెళ్తుంది. కంటికి కనిపించకుండా ఒక టిప్పర్ లోడు. బురదనీటిలో వెలుతురు దిగదు కాబట్టి డయాటమ్‌లు దాన్ని పెద్దగా ముట్టలేవు. చుక్కలు గీత మీదే పడతాయి. నీటిలోకి ఎంత లోతు దాకా కనిపిస్తోందో చూడటానికి తెల్లరంగు వేసిన స్టీలు పళ్లెం తాడుతో దింపి, అది కనుమరుగయ్యే లోతు రాసుకోండి. ఈ లోతు పెరగడం మొదలైన నెలలోనే చుక్కలు గీత కిందికి దిగడం మొదలవుతుంది. ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చే మలుపు ఇదే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సముద్రం చివర కూడా కదులుతుంది. తీర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరిగి, గంగా, బ్రహ్మపుత్ర, మహానదుల మంచినీటిని మన ఒడ్డు వెంట మోసుకొస్తుంది. తూర్పు తీరంలో మత్స్యకారులు సీసాల్లో పట్టి ఇచ్చిన నీటితోనే ఈ ప్రవాహాన్ని సముద్రంలో నదిగా శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించారు. పడవ వేసే తాతకు ఈ మాట చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. ఈ నెలల్లో తీరం నీటి ఉప్పు 30 కన్నా బాగా దిగిపోవచ్చు. అందువల్ల సముద్రం చివర 33 అని అలవాటుగా రాసేయకూడదు, ప్రతి నెలా కొలవాల్సిందే.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది. విశాఖ ఒడ్డున లోతు నీరు పైకి లేస్తుంది. 1950లలో ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేసిన సముద్ర శాస్త్రజ్ఞుడు లా ఫాండ్ ఈ ఎగదన్నుడును వివరంగా రాశారు. లోతు నీటిలో సిలికా, నైట్రేటు రెండూ ఎక్కువ. అప్పుడు మొగకు సిలికా ఏటి నుంచి కాక సముద్రం నుంచి కొంత రావచ్చు. సముద్రం చివర చుక్క ఎత్తు పెరిగి, నీటి ఉష్ణోగ్రత తగ్గి కనిపిస్తే ఆ రోజు ఎగదన్నుడు జరుగుతోందని రాసుకోండి. వసంతంలో డయాటమ్‌లు విరగబూసేదీ ఈ తీరంలో ఇప్పుడే. వీలైతే నైట్రేటు కిట్ కూడా తీసుకెళ్లండి. డయాటమ్‌లు సిలికానూ నైట్రోజన్‌నూ ఇంచుమించు సమానంగా వాడతాయి. నైట్రేటు మిగిలి ఉండగా సిలికా 2 మైక్రోమోల్ దిగువకు పడిపోతే డయాటమ్‌ల హవా తగ్గి, వేరే రకం నాచులకు (శైవలాలకు) దారి ఏర్పడుతుంది. మురుగు నైట్రోజన్, ఫాస్ఫరస్‌లను పెంచుతుంది కానీ సిలికాను అంతగా పెంచదు. పైన రిజర్వాయర్లలో నిలిచిన నీటిలోనూ డయాటమ్‌లు సిలికాను తిని అడుగున పాతేస్తాయి. ఊరు పెరిగేకొద్దీ ఈ రెండు వైపుల ఒత్తిడీ మొగ మీదే పడుతుంది. ఈ కొలతలు నాకు అంత ముఖ్యం అనిపించేది అందుకే.

మే నెలలో ఏరు సన్నబడుతుంది, నీరు వేడెక్కుతుంది. చచ్చి అడుగున చేరిన డయాటమ్ పెంకుల మీది సేంద్రియ పొరను బ్యాక్టీరియా తినేశాక పెంకు నీటికి దొరుకుతుంది. వేడిలో అది ఇంకా వేగంగా కరుగుతుంది. ఏటి నుంచి రాక తక్కువైన ఈ రోజుల్లో కొన్ని చుక్కలు గీత పైకి లేస్తే బురద తిరిగి ఇస్తోందని అర్థం. అడుగు నీటి సీసా ఈ నెలలో తప్పకుండా పట్టండి, ముందు అక్కడే తెలుస్తుంది.

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుపాను మళ్లీ వస్తే మాత్రం తిథి చూడకండి. అధికారులు తీరానికి వెళ్లవచ్చని చెప్పిన తర్వాత, వంతెన మీద నుంచి తాడుతో సీసా దింపి, వారం రోజులు రోజూ ఒకే గంటకు ఏటి చివర నీళ్లు పట్టండి. కరెంటు లేక ఫ్రిజ్ ఆగిపోయి ఉంటుంది కాబట్టి వడకట్టిన సీసాలను తడిగుడ్డ చుట్టిన థర్మాకోల్ పెట్టెలో, నీడలో ఉంచి, ఏ రోజుది ఎన్ని గంటలు బయట ఉందో సీసా మీదే రాయండి.